మట్టిలో మందు చూసిన యల్లాప్రగడ సుబ్బారావు

ఉద్దానం రైతు తన జీడితోట మట్టిని సంచిలో కట్టి భూసార పరీక్షకు పంపితే కొన్నాళ్లకు ఒక కాగితం చేతికి వస్తుంది. నేలలో భాస్వరం ఎంత ఉందో అందులో అంకె వేసి ఉంటుంది. అదే ఊళ్లో కిడ్నీ జబ్బుతో బాధపడే మనిషి ఆసుపత్రిలో రక్తం ఇస్తే ఆ కాగితం మీద కూడా భాస్వరం అంకె కనబడుతుంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్రలు తీరప్రాంతంలో అందరికీ తెలిసినవే. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ మాత్ర సంగతి చెప్పనక్కరలేదు.

ఈ నాలుగింటి వెనుకా ఒక తెలుగువాడి శ్రమ ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది భీమవరంలో, పేరు గడించింది అమెరికాలో. వైద్యుడిగా చదివిన ఆయన జీవితం చివరకు మట్టి దగ్గరకే వచ్చి చేరింది. ఆ మట్టి కథ పలాస, టెక్కలి, ఉద్దానం రైతులు తెలుసుకోదగ్గది.

పేద ఇంట్లో పుట్టి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పెద్ద సంసారం, చిన్న ఆదాయం. కుర్రవాడికి చదువు మీద మొదట్లో అంత మనసు లేదు. పదమూడో ఏట ఇల్లు విడిచి కాశీ బయలుదేరాడు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలన్నది ఆలోచన. పెద్దలు వెతికి వెనక్కి తీసుకువచ్చారు.

రాజమండ్రిలో మెట్రిక్యులేషన్ తప్పాడు. తండ్రి పోయాక తల్లి తన నగలు అమ్మి చదివించింది. చివరకు మద్రాసు హిందూ హైస్కూలులో మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతుండగా రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలన్న కోరిక తీరడానికి వైద్యం చదవడమే మార్గమని మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కోటు తొడిగి ఆపరేషన్ గదికి వెళ్లారు. శస్త్రవైద్యం బోధించే ఆంగ్ల ఆచార్యుడికి అది నచ్చలేదు. ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది.

అన్నదమ్ముల మరణం

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద పిడుగు పడింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలై, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే వ్యాధి అది. తర్వాత సుబ్బారావుకే ఆ జబ్బు తగిలింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు.

తిన్న తిండిలో ఏది లోపిస్తే మనిషి ఇలా క్షీణిస్తాడు, ఏది అందితే నిలబడతాడు అన్న ప్రశ్న అప్పటి నుంచి ఆయనను వదలలేదు. రైతు తన చేను గురించి వేసుకునే ప్రశ్న కూడా ఇలాంటిదే.

1919లో శేషగిరితో వివాహం జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు సాయపడ్డారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి కూడా అండగా నిలిచింది. 1922 అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరంలో ఓడ దిగారు. భార్యను మళ్లీ చూసే యోగం ఆయనకు లేకపోయింది. ఆయన అక్కడ ఉండగానే ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే కన్నుమూశాడు.

నీలి రంగులో భాస్వరం లెక్క

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశపు వ్యాధుల చదువు చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పనులు చేశారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసిన చేతులవి. ఆ తర్వాత ఆచార్య సైరస్ ఫిస్క్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో పరిశోధనకు కుదిరారు.

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలోనూ కండలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. పరీక్షించే ద్రవంలో మాలిబ్డినం కలిసిన ఆమ్లం పోసి, దానికి మరో మందు చేరిస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్టు. ఆ పద్ధతి వాళ్లిద్దరి పేరు మీదనే ప్రపంచమంతా పాకింది.

కిడ్నీలు బాగున్న మనిషి ఒంట్లో మిగులు భాస్వరం మూత్రంలో పోతుంది. కిడ్నీలు చెడితే అది రక్తంలో పేరుకుంటుంది. అందుకే కిడ్నీ రోగికి ఆ పరీక్ష చేస్తారు. భూసార పరీక్షశాలలో మట్టి నుంచి భాస్వరాన్ని కరిగించి తీసి కొలిచేది కూడా ఇదే నీలి రంగు సూత్రంతో. రంగు తెప్పించే మందు మారవచ్చు గాని కీలకం మారలేదు. పొలంలోని భాస్వరానికీ కిడ్నీ జబ్బుకూ లంకె ఉందని దీని అర్థం కాదు. రెండు చోట్లా కొలిచే తూనిక ఒకటేనని మాత్రమే.

ఇక్కడ రైతు గమనించవలసింది ఒకటి ఉంది. ఎర్ర నేలల్లో భాస్వరం వేయగానే అంతా మొక్కకు అందదు. నేలలో పులుపు ఉన్నచోట ఇనుము, అల్యూమినియం దానిని గట్టిగా పట్టుకుంటాయి. సూపర్ ఫాస్ఫేటు బస్తాలు ఏటా గుమ్మరించినా చాలా భాగం తాళం వేసిన పెట్టెలో డబ్బులాగా ఉండిపోతుంది. ఆ తాళం తీసే పని సూక్ష్మజీవులది. కొన్ని రకాల బాక్టీరియా, వేళ్లను అంటిపెట్టుకుని పెరిగే కొన్ని బూజులు భాస్వరాన్ని కరిగించి, దూరం నుంచి మోసుకొచ్చి మొక్కకు అందిస్తాయి. చివికిన ఆకు, గత్తం నేలలో ఉంటే ఆ పని సాగుతుంది. అవి లేని నేలలో పని చేసేవాళ్లే కరువు.

ప్రాణులన్నిటికీ ఒకే ఇంధనం

భాస్వరం వెంటబడిన సుబ్బారావు 1927లో ఫిస్క్‌తో కలిసి కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఎ.టి.పి. అనే మరో పదార్థాన్ని వెలికితీశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని అదే కాలంలో విడిగా కనుగొన్నారు. తిన్న తిండి నుంచి వచ్చే శక్తిని ఒడిసిపట్టి, కావలసిన చోట ఖర్చు పెట్టే పదార్థమే ఎ.టి.పి. నాగలి పట్టే మనిషి కండలో, కాడి లాగే ఎద్దులో, కొబ్బరి వేరులో, మట్టిలోని కంటికి కనబడని పురుగులో కూడా ఉండేది అదే.

అందుకే ఒక మడి మట్టిలో ప్రాణం ఎంత ఉందో అంచనా కట్టడానికి భూశాస్త్రజ్ఞులు ఆ మట్టిలోని ఎ.టి.పి.ని కొలిచే పద్ధతి వచ్చింది. మంచి మట్టి ఒక్క గ్రాములో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి తిండి కావాలి. ఆకు, అలము, గడ్డి, వేరు, పేడ - ఇవే వాటి తిండి. ఆ తిండి తింటూనే అవి మొక్కకు కావలసిన నత్రజనిని, భాస్వరాన్ని, గంధకాన్ని విడుదల చేస్తాయి. తినగా మిగిలిన నల్లని పదార్థం ఇసుక రేణువులను అతికించి, నీటిని పట్టి ఉంచుతుంది. ఉద్దానం ఇసుక నేలలకు ఇది ప్రాణాధారం. ఇసుక తనంతట తాను నీటినీ ఎరువునూ నిలుపుకోలేదు. వర్షం పడితే పొటాషు, నత్రజని కిందికి జారిపోతాయి.

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ డాక్టరేటు వచ్చింది. అయినా అక్కడ శాశ్వతమైన ఆచార్య పదవి దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చోట లెడర్లే పరిశోధనశాలకు వెళ్లారు. కొద్ది కాలంలోనే పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు.

తీరిన పాత బాకీ

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఆకు అనే అర్థం గల లాటిన్ మాట మీద దానికా పేరు వచ్చింది. ఆకుకూరల్లో ఉండేది గనుక ఆ పేరు. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు చివరకు ఆ పదార్థమే మందు అయింది. ఇంట్లో వాళ్లను కాపాడుకోలేకపోయిన మనిషి వేలాది ఇళ్లను కాపాడారు. నేటికీ పల్లెల్లో గర్భిణులు మింగే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంది. ఆ పనిలోంచే పసిపిల్లల రక్తకేన్సరుకు తొలి మందు కూడా వచ్చింది.

1947లో హెట్రజాన్ వచ్చింది. అదే బోదకాలు మందు డి.ఇ.సి. దోమకాటుతో వచ్చే ఆ జబ్బు మన తీరానికి కొత్త కాదు.

మిస్సోరీ గడ్డి మడి

సుబ్బారావు పరిశోధనల్లో మట్టికి నేరుగా సంబంధించినది ఆరియోమైసిన్ కథ. అప్పటికి అయిదారేళ్లుగా ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పెనిసిలిన్ వచ్చింది గాని అది అన్ని రోగాలకూ పనిచేయదు. 1943లో వాక్స్‌మన్ అనే మట్టి శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిన్ బయటపడింది. అదీ మట్టి జీవి నుంచి వచ్చినదే. క్షయకు మందు మట్టిలో ఉందని తేలింది. ఇంకా ఏమేం ఉన్నాయోనని వెతుకులాట మొదలైంది.

లెడర్లేలో ఆ పనికి బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కుదిరారు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగ విరమణ చేసి డెబ్బై దాటిన వయసు. ఆయన దేశంలోని పాత మిత్రులకు ఉత్తరాలు రాసి మట్టి తెప్పించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో మట్టి శాస్త్రజ్ఞుడు విలియం ఆల్‌బ్రెక్ట్ 1945లో పంపిన పొట్లాలలో ఒకటి శాన్‌బర్న్ క్షేత్రంలోని 23వ మడిది. తిమోతీ అనే పశువుల మేత గడ్డి పెరిగే మడి అది. ఆ మట్టిలోంచి బంగారు రంగు పూసే ఒక సూక్ష్మజీవి బయటపడింది. అది స్ట్రెప్టోమైసిస్ జాతికి చెందినది.

ఈ జాతి సూక్ష్మజీవులు రైతుకు కొత్తవి కావు. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టి వాసన చాలావరకు వీటిదే. గట్టి ఆకు, పీచు, పుల్ల వంటివి చివికించడంలో వీటి పాత్ర పెద్దది. తోటి సూక్ష్మజీవులతో పోటీపడి బతకడానికి ఇవి చేసుకునే విషాలలో కొన్ని మనిషికి మందులయ్యాయి. బంగారు రంగు జీవి ఇచ్చిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది అదే. 1948 జూలైలో దానిని లోకానికి ప్రకటించారు.

ఆ మడి నేర్పిన పాఠం

శాన్‌బర్న్ క్షేత్రం మందు కోసం ఏర్పాటైనది కాదు. 1888లో రైతుల కోసం మొదలైంది. ఒక మడిలో ఏటా మొక్కజొన్నే, మరొక మడిలో గోధుమే, ఇంకొక దానిలో గడ్డి, ఇంకొక దానిలో పంట మార్పిడి. కొన్నిటికి గత్తం, కొన్నిటికి ఏమీ లేకుండా ఏళ్ల తరబడి సాగు చేసి, నేల ఏమవుతుందో చూడాలన్నది ఉద్దేశం.

నూరేళ్లు గడిచాక పైమట్టి లోతు కొలిచారు. ఏటా మొక్కజొన్నే వేసిన చోట మిగిలిన పైమట్టి, గడ్డి మడితో పోలిస్తే 44 శాతమే. పంటలు మార్చి మార్చి వేసిన చోట 70 శాతం. వాన అన్ని మళ్ల మీదా ఒకేలా కురిసింది. తేడా అంతా సేద్యంలో ఉంది. కప్పు లేని నేల, ఏటా తిరగదున్నిన నేల కొట్టుకుపోయింది. వేళ్లతో అల్లుకున్న నేల నిలబడింది. పైమట్టితో పాటే పోయేది సేంద్రియ పదార్థం, దానితో పాటే పోయేది అందులోని ప్రాణం.

మన తోటల్లో

ఉద్దానం అంటే ఉద్యానవనమని పెద్దల మాట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి, జీడి, పనస, అరటి కలిసి పెరిగిన తోటలు ఆ పేరు నిలిపాయి. ఒక ఆకు రాలి ఇంకొక చెట్టుకు తిండి అయ్యేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. చెట్టుతో పాటు నీడ పోయింది, నీడతో పాటు ఆకు కప్పు పోయింది. ఎండ నేరుగా తగిలిన ఇసుక నేలలో మిగిలిన సేంద్రియ పదార్థం త్వరగా హరించిపోతుంది. కొత్తగా నాటిన మొక్కను నిలబెట్టుకోవలసింది అలాంటి నేలలోనే.

జీడి పిక్కలు ఏరడానికి వీలుగా ఉంటుందని తోట కింద ఆకు ఊడ్చి తగలబెట్టేవారున్నారు. ఆకు కాలితే అందులోని నత్రజని, గంధకం చాలావరకు పొగలో పోతాయి. చివికి మట్టిలో కలవవలసిన భాగమూ గాలిలో కలుస్తుంది. మిగిలేది బూడిద. అందులో పొటాషు ఉంటుంది గాని ఇసుక నేలలో తొలి వానలకే కిందికి దిగిపోతుంది. అదే ఆకును చెట్టు పాదు చుట్టూ పోగు చేస్తే పిక్కలు ఏరడానికీ అడ్డుండదు, నేలకూ తిండి మిగులుతుంది. కొబ్బరి డొక్కలను చెట్టుకు కొంచెం దూరంగా గోతిలో పరిచి మట్టి కప్పితే కొన్నేళ్ల పాటు చెమ్మ పట్టి ఉంచుతాయి.

టెక్కలి వైపు వరి పొలాల సంగతి వేరు. నీరు నిలిచిన మడిలో గాలి తక్కువ. అక్కడ చివికే పని నెమ్మదిగా సాగుతుంది. వరి కోత ముందు చల్లే మినుము, పెసర వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పంటకు ఇస్తుంది. పంట ఏరుకున్నాక వేరు, ఆకు నేలలో కలిస్తే రాబోయే వరికి కొంత బలం. జీలుగు, జనుము దమ్ములో కలియదున్నడం కూడా అలాంటిదే.

రసాయన ఎరువు అసలే వద్దని దీని తాత్పర్యం కాదు. ఏటా యూరియా ఒక్కటే వేస్తూ పోతే నేలలో పులుపు పెరుగుతుంది. సున్నం తక్కువైన ఇసుక, ఎర్ర నేలల్లో అది త్వరగా కనబడుతుంది. భూసార పరీక్ష కాగితం చూసి, గత్తంతో కలిపి, విడతలుగా వేస్తే డబ్బూ మిగులుతుంది, నేలా మిగులుతుంది. పరీక్ష కాగితంలో సేంద్రియ కర్బనం అన్న గడి ఒకటి ఉంటుంది. చాలామంది దానిని చూడకుండానే మడిచి పెట్టేస్తారు. ముందు చూడవలసింది అదే. జీవామృతం పోసేవారికీ ఇది వర్తిస్తుంది. తిండి లేని నేలలో ఎన్ని సూక్ష్మజీవులు పోసినా అవి నిలవవు.

ఆరియోమైసిన్ కథలో ఒక హెచ్చరిక కూడా ఉంది. మందు వచ్చిన కొద్ది ఏళ్లకే కోళ్లు, పశువులు త్వరగా బరువెక్కుతాయని దాణాలో కలపడం మొదలుపెట్టారు. అలా తిన్న మందులో చాలా భాగం పెంటలో బయటికొచ్చి తిరిగి మట్టిలోకే చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి లొంగకుండా పోతాయి. మట్టి ఇచ్చిన మందును మట్టిలోనే మొండి చేసుకోవడమంటే ఇదే.

పేరు నిలిచిన చోటు

ఆరియోమైసిన్‌ను ప్రకటించిన కొద్ది రోజులకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 ఏళ్లు. స్వతంత్ర భారతాన్ని కళ్లారా చూడలేదు. భార్య శేషగిరి ఇరవై ఆరేళ్లుగా ఎదురుచూసిన మనిషి తిరిగి రాలేదు. తన పేరు ముందుకు తెచ్చుకునే అలవాటు లేనివాడు కావడంతో బతికుండగా రావలసిన కీర్తి కూడా రాలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

అంతకుముందే, 1953లో, హెసెల్‌టైన్ అనే శాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుభ్రపరిచే రాళ్ల పడకల మీద పెరిగే ఒక కొత్త బూజును వర్ణించి దానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. కుళ్లును తిని బతికే చిన్న జీవి అది. తోట కింద రాలిన జీడి ఆకును మట్టిగా మార్చేవి దాని వంటి జీవులే. అగ్గిపుల్ల గీసే ముందు ఉద్దానం రైతు వాటిని ఒక్కసారి తలచుకుంటే చాలు.